జుర్మానా రసీదు

తీర్మానాల రిజిస్టరుకు ఎర్ర అట్ట.
హన్మకొండల కొన్న, ఎనభై రూపాయలు,
బిల్లు ఇంకా పాస్ కాలే.
ఈ గూడేనికి నేను మూడో కార్యదర్శిని.

బడి వరండాల గ్రామసభ.
కోరం కోసం తలలు లెక్కబెట్టిన:
నూట ముప్పై ఒకటి, ఆడోళ్లు డెబ్భై.
మిరప చేన్ల నుంచి అట్లనే వచ్చిండ్రు.
వేలిముద్రల సిరా కంటె ముందు
కారం అంటింది కాగితానికి.

రేంజ్ ఆఫీసరు ల్యాప్‌టాప్ తెరిచిండు.
రెండువేల ఐదు, డిసెంబరు,
ఆకాశం నుంచి తీసిన ఫోటో.
అంతా ఆకుపచ్చ, ఒక మూలకు తెల్లటి మరక.
"చేను కాదది, మబ్బు" అన్నడు.
"మబ్బు కింద ఏమున్నది సారూ?"
వట్టం జోగయ్య నెమ్మదిగనే అడిగిండు.
మబ్బు కింద ఏమున్నదో రాసేందుకు
నా ఫారంల గడి లేదు.

చెరువు శిఖంల మా నాయిన కొన్న ప్లాటు
గంటన్నరల రిజిస్ట్రేషన్ అయింది.
ఏ మబ్బు సంగతీ మమ్ముల ఎవ్వరు అడగలే.
ఇది రిజిస్టరుల రాసేది కాదు.

వాగవతలి తండా నుంచి బానోతు హర్జ్యా లేచిండు:
"మేం వచ్చి యాభై ఏండ్లు.
వచ్చినోళ్లం ఎన్నేండ్లకు ఉన్నోళ్లమైతం?"
లొల్లి లేచింది. కుర్చీ ఒకటి పడ్డది.
తర్వాత ఎవ్వరూ జవాబు చెప్పలే.
"జవాబు లేదు" అని రాసిన,
మళ్ల కొట్టేసిన.

వరంగల్ల డిగ్రీ చదివే పిలగాడు, ఈసం తిరుమలేశ్:
"పట్టా ఇస్తరు సరే, వాగుల ఇసుక ఎవరిది?
ఈ సభ వద్దంటే ఆగిన లారీ
ఒక్కటన్న ఉంటె చూపియ్యుండ్రి."
పెద్దమనుషులు నేల చూసిండ్రు.
కమీషన్ ఎవరికి ముట్టిందో
వరండా స్తంభాలకు సుత తెలుసు.

అప్పుడు చింత పొట్టక్క.
కోయల మాట్లాడింది, నిలబడకుంటనే.
అంగన్‌వాడీ టీచరమ్మ తెలుగు చేసింది:
వాగు మలిగిన కాడ మా భూమి మొదలు.
మా మామ పులిని చూసి
వెనుకకు మళ్లిన కాడ ఆఖరు.
పులి సుత అక్కడికెల్లే మళ్లింది.
అదే ఒడంబడిక.
ఆనాటి సంది అది ఇటు రాలే, మేం అటు పోలే.
కందకం తవ్వినోళ్లే
అటూ ఇటూ తిరిగిండ్రు.

ఆఫీసరు నవ్విండు, చెడ్డగ కాదు.
"కాగితమున్నదా అవ్వా?"

ఉన్నది.
ఇంటి దూలానికి కట్టిన వెదురు గొట్టంల,
మూడు తరాల పొగ పట్టి.
ఉర్దూ అక్షరాలు, గుండ్రటి మొహరు.
తాత ముత్తాతలకు సర్కారు రాసిచ్చిన హక్కని
పండుగ పండుగకు ఇప్పపువ్వు పెట్టి మొక్కిన కాగితం.

పోయిన నెలనే మండిబజారుకు తీస్కపోయినం.
రిటైరైన మున్షీ సాబ్ అద్దాలు తుడుచుకుని చదివిండు.
మళ్ల చదివిండు.
హక్కు కాదు బిడ్డా, రసీదు అన్నడు.
ఫసలీ పదమూడు వందల నలభై ఒకటి.
సర్కారు అడివిల చెట్టు నరికి జొన్న చల్లినందుకు
చింత ముత్తి అనే ఆసామి
ఐదు రూపాయల హాలీ సిక్కా
జుర్మానా కట్టిండు.

ఛాయ్ చల్లారిపోయింది.
పొట్టక్కకు చెప్పేందుకు నాకు నోరు రాలే.
తిరుమలేశే చెప్పిండు, బస్‌స్టాండుల, కోయల.
ఆమె చాన సేపు ఊకున్నది.
తర్వాత అన్నది:
"లేనోనికి జుర్మానా ఎట్ల ఏసిండ్రు?"

ఇయ్యాల సభల అదే మాట మళ్ల అన్నది.
ఆఫీసరు నోరు తెరిచి మూసిండు.
"శిక్ష హక్కెట్లయితది" అన్నడు ఆఖరికి,
కాని ఫోటో మాత్రం మడిచిండు.

తీర్మానం నంబర్ పద్నాలుగు.
జోడించిన పత్రాలు: రసీదు, ఒకటి.

అసలుది ఇయ్యమన్నరు.
జిరాక్స్ మిషను ఏటూరునాగారంల,
ఇరవై రెండు కిలోమీటర్లు.
మధ్యాహ్నం బస్సుకు తిరుమలేశ్ నాతోని వచ్చిండు,
గొట్టం రొమ్ముకు అదుముకుని.
నేను ఒళ్లె రిజిస్టరు పెట్టుకుని జరిగిన.
సీటున్నా కూసోలే.